అమ్మ ఎదుట మాట

హోసూరు,
ఫిబ్రవరి 9

అత్తమ్మకు చాందిని నమస్కారాలు.

మీరు నా ఫోన్ ఎత్తడం లేదు. కార్తిక్ చేస్తే మాత్రం వెంటనే ఎత్తుతారు. నేను పక్కనే కూర్చుని వింటూ ఉంటాను. సరే, ఫోన్ వద్దనుకుంటే ఉత్తరమే రాస్తాను. మీ అబ్బాయి ఆదివారం తోటకు వస్తున్నాడు కదా, అతని చేతికే ఇస్తున్నాను. పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతున్నా, తమిళ బడిలో చదివిన మహానుభావుడు, తెలుగులో ఒక్క అక్షరం చదవలేడు. దారిలో విప్పి చూస్తాడన్న భయం లేదు. మనిద్దరికీ ఇంతకన్నా నమ్మకమైన పోస్టుమ్యాన్ దొరకడు.

మామిడి పూతకు మందు కొట్టించి రెండు రోజుల్లో వచ్చేస్తానని వెళ్ళారు. నెల కావస్తోంది. నేను మామిడి తోటలు ఎరగని కదిరి పిల్లనే అయినా, మందు కొట్టడానికి నెల పట్టదని తెలుసు.

రక్షిత్ బాగున్నాడు. ప్లేస్కూలుకు వెళ్తున్నాడు. రంగుల పేర్లు ఇంగ్లీషులో నేర్పుతున్నారట. అన్నం దగ్గర పేచీ ఎప్పుడూ ఉన్నదే.

నాకే ఏ పని మీదా మనసు నిలవడం లేదు. కంపెనీలో తనిఖీ చేసిన పార్టే మళ్ళీ తీసి చూస్తున్నాను. ఇంటికి వస్తే ఊడ్చిన గదే మళ్ళీ ఊడుస్తున్నాను. మీరు కోపంగా వెళ్ళారా, మామూలుగానే వెళ్ళారా? ఆ ఒక్కటీ రాయండి. మిగతాది నేను సర్దుకుంటాను.

మీ కోడలు
చాందిని


వేప్పనపల్లి,
ఫిబ్రవరి 16

చాందినికి అక్కమ్మ దీవించి రాస్తున్నది.

ఫోన్లో నా నోరు నా మాట వినదు. కాగితం మీద అయితే తప్పు రాసింది కొట్టేసుకోవచ్చు. పైన రెండు వరుసలు కొట్టేసి ఉన్నాయి, వెలుగులో పెట్టి చదవడానికి ప్రయత్నించకు. మా ఊరి తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివిన చదువు ఇన్నేళ్ళకు కోడలికి ఉత్తరం రాయడానికి పనికొచ్చింది.

ఈసారి పూత బాగా వచ్చింది. తేనెమంచు పురుగు కూడా అంతే బాగా వచ్చింది. మీ మామ ఒక్కడే ఎన్ని చెట్లని చూస్తాడు? అందుకే ఉండిపోయాను. కోపం ఏమీ లేదు. కోపం ఉంటే ఉత్తరం అందుకునేదాన్నా?

పిల్లవాడికి రాత్రిపూట పెరుగు పెట్టకు, దగ్గు వస్తుంది. నేను లేకపోతే వాడికి ఇంగ్లీషు తొందరగా వస్తుంది. అదే కదా నీకూ కావలసింది. కార్తిక్ వచ్చిన ప్రతిసారీ ఒంటరిగా వస్తున్నాడు. పిల్లవాడిని ఒక్క ఆదివారం వెంట పంపితే నీ సొమ్మేం పోతుంది?

అక్కమ్మ


హోసూరు,
మార్చి 3

అత్తమ్మకు నమస్కారాలు.

కోపం లేదని మీరు రాసిన తీరులోనే ఎంత కోపం ఉందో తెలిసింది. ఉండనీయండి. పోయిన ఉత్తరంలో నేనూ ఒక సంగతి దాచాను. రక్షిత్‌ను ఎందుకు పంపడం లేదో ఇప్పుడు చెప్తున్నాను.

వాడు మాట్లాడటం లేదు అత్తమ్మా.

తక్కువగా మాట్లాడటం కాదు, అసలు మాట్లాడటం లేదు. మూడేళ్ళు నిండిన పిల్లవాడు. ఒకప్పుడు ‘అమ్మా, పాలు, బువ్వ, టాటా’ అనేవాడు కదా, అవి కూడా పోయాయి. పాలు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. ‘వాట్ డూ యూ వాంట్?’ అంటాను. నా మొహంలోకి చూస్తాడు. మళ్ళీ అడుగుతాను. మళ్ళీ చూస్తాడు. చివరికి నేనే ఓడిపోయి పాలు పోస్తాను.

అక్టోబరులో ప్లేస్కూలు మేడమ్ నన్ను పిలిచి చెప్పిన మాట మీకు గుర్తుంది కదా. ‘తండ్రిది తమిళం, మేడ మీదివాళ్ళది కన్నడం, అవ్వది ఒక తెలుగు, నీది ఇంకో తెలుగు. ఇన్ని వింటే పిల్లవాడికి తల తిరగదా? ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి’ అంది. నేను వచ్చి ఇంట్లో అదే చెప్పాను. కార్తిక్ తలూపాడు. మీరూ తలూపారు. వాడి మంచికే అనుకున్నాను. ఆ మేడమే ఇప్పుడు ‘డాక్టరుకు చూపించండి’ అంటోంది.

రోజూ సాయంత్రం బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని ‘వాట్ ఈజ్ దిస్, వాట్ ఈజ్ దట్’ అని అడుగుతూనే ఉన్నాను. కంపెనీలో మెషీన్ ముందు నిలబడి కూడా వాడి మాటే ఆలోచిస్తున్నాను. వాడి చెవులు పని చేస్తున్నాయా అని వెనక నుంచి స్టీలు గిన్నె కింద పడేశాను. ఉలిక్కిపడ్డాడు. వినిపిస్తోందని సంతోషపడాలో, పిల్లవాడిని బెదరగొట్టానని ఏడవాలో తెలియలేదు.

నిజం చెప్పండి. మీ దగ్గర ఏమైనా మాట్లాడేవాడా?

చాందిని


వేప్పనపల్లి,
మార్చి 10

చాందినికి,

నీ ఉత్తరం చదివి నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. మీ మామ వచ్చి ‘ఏమే, పొయ్యి మీద కూడు మాడతా ఉండేది తెలీలేదా?’ అని అరిచాడు.

నీ మాట నేను మీరలేదు. ఇంగ్లీషు ఒక్కటే అన్నావు. నాకు రాదు. కాబట్టి నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూసుకున్నాను. వాడికి ముద్ద పెట్టేటప్పుడు ‘ఆ’ అనడానికి కూడా భయపడి, నా నోరు తెరిచి చూపించేదాన్ని. ‘ఆ’ ఏ భాషో నాకు తెలియదు కదా. పడిపోతే ‘అయ్యో’ అని నోటి దాకా వచ్చింది మింగేశాను. సొంత మనవడి దగ్గర మూగదానిలా బతకడం ఎంత కష్టమో నీకు తెలియదు. చాందినీ, ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడలేదు. అందుకే వచ్చేశాను. మందు కొట్టడం సాకు.

డాక్టరుకు చూపించు. ఆలస్యం చేయకు. నన్ను మాత్రం రమ్మనకు. నా మాటే వాడికి చెరుపు చేసిందంటున్నారు కదా. మళ్ళీ వచ్చి ఇంకా చెడగొట్టనా?

అక్కమ్మ


హోసూరు,
ఏప్రిల్ 28

అత్తమ్మకు,

నమస్కారాలు తర్వాత చెప్తాను.

ప్లేస్కూలుకు సెలవులు ఇచ్చారు. పగలు వాడిని మేడ మీద రంజిత దగ్గర వదిలి డ్యూటీకి వెళ్తున్నాను. మొన్న తీసుకురావడానికి వెళ్తే ఆమె నవ్వుతూ ‘ఏనక్కా, మీవాడికి మాట రాదంటివే? మధ్యాహ్నమంతా నా తల తినేసినాడు!’ అంది. ఎగతాళి చేస్తోందని ఒళ్ళు మండింది. ఆమెతో రెండు మాటలు అనేసి వచ్చాను కూడా.

నిన్న పర్మిషన్ పెట్టి ముందే వచ్చాను. చెప్పులు కిందే వదిలి, మెట్ల మలుపులో నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది. నా కొడుకు చాప మీద కూర్చుని పుస్తకం చదువుతున్నాడు. నేను కొన్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకమే. అందులో ఏనుగు గొడుగు కొనుక్కోవడానికి సంతకు వెళ్తుంది. రోజూ నేను చదివితే గోడకు చెప్పినట్టు ఉండేది. వాడు రంజితకు ఏం చదివి చెప్తున్నాడో తెలుసా?

‘ఏనుగొచ్చింది. డెంకణికోట అడవిలోంచొచ్చింది. రాగి చేన్లో దూరింది. తాత టపాసు కాల్చినాడు, ఢాం! ఏనుగు యాడికి పోయింది? ఆడికి పోయింది!’

అది మీ గొంతు అత్తమ్మా. మీ రాగం, మీ యాడ, మీ ఆడ. ఆ ‘ఢాం’ కూడా మీదే. నేను పరవశించిపోయి ఒక మెట్టు పైకి ఎక్కాను. వాడు నన్ను చూశాడు. టక్కున పుస్తకం మూసేసి, రంజిత వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మాట్లాడకు అని ఆమెకు చెప్తున్నాడు.

నా కొడుక్కి మాటలు వచ్చు. నాతోనే మాట్లాడడు. ఆ వేలు పెట్టడం ఎవరు నేర్పారు? నాకు జవాబు కావాలి. కార్తిక్ ఆదివారం దాకా అక్కడికి రాడు కాబట్టి పోస్టులో వేస్తున్నాను.

చాందిని


వేప్పనపల్లి,
మే 4

చాందినికి,

నేనే నేర్పాను.

‘నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ’ అని రాసినప్పుడే నీకు అనుమానం వస్తుందనుకున్నాను. రాలేదు. నువ్వు డ్యూటీకి బస్సు ఎక్కగానే మేమిద్దరం నోళ్ళు తెరిచేవాళ్ళం. నాకు ఇంగ్లీషు రాదు, పుస్తకం మాత్రం ఎదురుగా ఉంది. ఏనుగు బొమ్మ ఉంటే ఏనుగు కథ చెప్పడానికి అక్షరాలు ఎందుకు? మా చిన్నతనంలో ఏనుగు చేలోకి వచ్చి చేసిన ఆగమంతా చెప్పాను. రోజూ అదే కావాలనేవాడు. ఒక మాట మారిస్తే ఒప్పుకునేవాడు కాదు. వాడు నా ఒడిలో కూర్చుని పేజీ తిప్పుతుంటే, చెప్తున్నాను చూడు, ఆ సుఖం ముందు ఈ తోట కూడా వద్దు అనిపించేది.

నువ్వు గేటు తీసిన చప్పుడు కాగానే ‘గమ్మునుండు నాయనా, అమ్మొస్తా ఉంది. అమ్మ ముందర మాట్లాడగూడదు’ అనేదాన్ని. ఇంగ్లీషు కాని మాట నీ చెవిన పడితే బాధపడతావని అలా అన్నాను. వాడు నవ్వుతూ వేలు పెట్టుకునేవాడు. ఆట అనుకున్నాను. పిల్లవాడు నిజమే అనుకున్నాడు. నీతో ఏ మాటా మాట్లాడకూడదని వాడి బుర్రకు ఎక్కిందని నాకు ఎక్కడ తెలుసు? నేను వచ్చేస్తే నీతో మాట్లాడతాడులే అనుకున్నాను.

మార్చిలో నీ ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. అర్థమై కూడా రాయలేదు. నువ్వు ఇక వాడిని నా కంటికి చూపించవని భయం వేసింది. తిట్టదలచుకుంటే తిట్టు, పడతాను.

అక్కమ్మ


హోసూరు,
మే 15

అత్తమ్మకు,

తిట్టాను. మీకు వినిపించలేదు గానీ వంటింట్లో గిన్నెలన్నిటికీ వినిపించింది. కార్తిక్‌కు ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. అతను ‘ఇద్దురూ సరిపోయినారు పో’ అని బయటికి వెళ్ళిపోయాడు. అతను మాత్రం ఏం తక్కువ? అక్టోబరు నుంచి వాడితో ఇంగ్లీషులో మాట్లాడాలంటే సిగ్గేసి, అసలు మాట్లాడటమే మానేశాడు.

బుధవారం వాడిని కృష్ణగిరిలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. చెవులు పరీక్ష చేయించింది. బాగున్నాయి. జరిగిందంతా చెప్పాను, మీ పేరు కూడా దాచలేదు. ఆమె నన్ను గాని మిమ్మల్ని గాని ఏమీ అనలేదు. ‘పిల్లలు రెండు మూడు భాషల్లో హాయిగా పెరుగుతారు. మీకు నవ్వు ఏ భాషలో వస్తుందో, కోపం ఏ భాషలో వస్తుందో అందులోనే వాడితో మాట్లాడండి. పుస్తకం ఒడిలో పెట్టుకుని చదవండి. పరీక్ష పెట్టినట్టు అడగవద్దు. ఒక బొమ్మ దగ్గర ఆగండి. వాడు చూస్తాడు, వేలు పెడతాడు, లేకపోతే ఊరికే ఉంటాడు. ఏం చేసినా సరే అనండి’ అంది. ఎన్నాళ్ళు పడుతుందంటే ‘తొందరపెడితే ఎక్కువ పడుతుంది’ అంది. నా గురించి ఎవరో ముందే చెప్పినట్టుంది.

ఇంకో మాట కూడా అంది. నా ముందు మాట్లాడకూడదని వాడికి చెప్పింది మీరు. కాబట్టి నా ముందు మీరు మాట్లాడటం వాడు కళ్ళతో చూడాలట. ఇంగ్లీషు తప్ప వద్దన్నది నేను, ఆ అడ్డు తీయాల్సింది మీరు. అత్తమ్మా, రండి. కోపం ఉంటే ఇక్కడికి వచ్చి చూపించండి. వాడి ఎదురుగా చూపిస్తే ఇంకా మంచిది.

చాందిని


వేప్పనపల్లి,
మే 20

చాందినికి,

కాయ కోతకు వచ్చింది. బేరగాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నారు. నేను కదలలేను, మీరే రండి. వాడిని తీసుకుని రండి.

వస్తే నీ ముందు మాట్లాడాలని రాశావు. ఏం మాట్లాడాలో ముందే చెప్పు. నీతో మాట్లాడి చాలా నాళ్ళైంది. మనిద్దరం కాగితం మీదే బాగున్నాం. ఎదురుపడితే నా నోరు పెగులుతుందో లేదో.

అక్కమ్మ


హోసూరు,
జూన్ 24

అత్తమ్మకు నమస్కారాలు.

ఈసారి మీ పోస్టుమ్యాన్ ఉత్తరంతో పాటు మనిషిని కూడా తెస్తున్నాడు. నాకు ఈ వారం నుంచి రాత్రి షిఫ్టు వేశారు, రంజిత ఊరికి వెళ్ళింది. వాడిని పది రోజులు మీ దగ్గర ఉంచుకోండి.

మేము కాయ కోతకు వచ్చిన రోజు మీ ఇంటి ముందు జరిగింది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కోసిన కాయల కుప్ప దగ్గర వాడు మీ ఒడిలో కూర్చుని గలగలా మాట్లాడుతున్నాడు. నేను దగ్గరికి రాగానే మీ నోటికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. మిమ్మల్ని కాపాడుతున్నాడు అత్తమ్మా, నా నుంచి. ఆ క్షణం నాకు చచ్చిపోవాలనిపించింది. మీరు వాడి చెయ్యి తీసి, ముద్దు పెట్టుకుని, ఊరంతా వినేటట్టు నా మీద అరిచారు: ‘ఏమ్మా చాందినీ, కాయ అట్లనా పట్టుకునేది? సొన కారితే తోలు మచ్చ పడుతుంది, కాడ పట్టుకో!’ నేనూ తగ్గలేదు. ‘పొద్దస్తమానం కంపెనీలో నేను చేసేది పార్టుల మీద మచ్చలు పట్టుకునే పనే’ అన్నాను. ‘నీ కంపెనీలో కాయలు కాస్తాయా?’ అన్నారు. అలా ఎంతసేపు అరుచుకున్నామో గుర్తు లేదు. మీకు నవ్వు వచ్చింది, నాకు ఏడుపు వచ్చింది. మామయ్య నిజంగానే పోట్లాడుకుంటున్నామని పరుగెత్తుకొచ్చాడు. రక్షిత్ మాత్రం మీ మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

అక్కడి నుంచి వచ్చాక ఇంట్లో ఎవరికి వచ్చిన భాష వారు మాట్లాడుతున్నాం. కార్తిక్ వాడిని భుజం మీద ఎక్కించుకుని తమిళంలో ఏవో పాటలు పాడుతున్నాడు. నేను రోజూ సాయంత్రం కొత్త తెలుగు బొమ్మల పుస్తకం చదువుతున్నాను. కోడిపిల్ల తప్పిపోయే కథ. డాక్టరమ్మ చెప్పినట్టే, కోడిపిల్ల గంప కింద దాక్కున్న పేజీ దగ్గర ‘ఎక్కడుందో మరి!’ అని ఆగుతాను. వాడు బొమ్మను చూస్తాడు. నన్ను చూస్తాడు. వేలు పెట్టుకోవడం మానేశాడు, అది మేలే. మాట మాత్రం లేదు. ఆగడమంటే నాకెంత కష్టమో మీకు తెలుసు. బస్సు రాకపోతే నడిచి వెళ్ళిపోయే రకం నేను. ఆ పేజీ దగ్గర నా కాళ్ళూ చేతులూ లాగేస్తుంటాయి. చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకుండా కూర్చుంటాను. కాసేపటికి వాడే పేజీ తిప్పేస్తాడు.

మీ దగ్గర వాడు మళ్ళీ గలగలలాడతాడు. నాకు తెలుసు. నాకు అసూయగా ఉంది అత్తమ్మా, రాయడానికి సిగ్గుపడటం లేదు. వాడు నాతో ఎప్పటికీ మాట్లాడకపోతే? వాడి మాటలన్నీ మీకు, రంజితకు, వాడి నాన్నకు చెప్పుకుని, నా దగ్గరికి వచ్చేసరికి ఖాళీగా ఉంటే? ఇది ఎవరినీ అడగలేక మిమ్మల్ని అడుగుతున్నాను.

కోడిపిల్ల పుస్తకం సంచిలో పెట్టాను. పాలల్లో చక్కెర వేయకండి.

మీ చాందిని


వేప్పనపల్లి,
జూన్ 28

చాందినికి అక్కమ్మ ఆశీస్సులు.

కార్తిక్ వచ్చేదాకా ఉండలేక, గుర్రప్ప మామిడికాయల బండి హోసూరు మార్కెట్టుకు బయలుదేరుతుంటే ఆపి, ఈ ఉత్తరం ఇస్తున్నాను. అతను కేకలు వేస్తున్నాడు, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఇది ఫోన్లో చెప్తే నేను ఏడుస్తాను, నీకు సగం కూడా అర్థం కాదు.

పిల్లవాడు బాగున్నాడు. నువ్వు అన్నట్టే గలగలలాడుతున్నాడు. మీ మామను కూర్చోనివ్వడం లేదు. పొద్దున కోడిపిల్ల పుస్తకం తెచ్చి నా ఒడిలో పడేశాడు. తెలుగు అక్షరాలు కదా, ఈసారి నేను కూడా నిజంగానే చదివాను. నా చదువు నీకు తెలుసు, రైలు బండి. గంప దగ్గర కూడా ఆగకుండా ‘గంప కింద దాక్కొనింది’ అని చదివేసి పేజీ తిప్పబోయాను. వాడు పేజీ మీద చెయ్యి వేసి గట్టిగా అదిమిపెట్టాడు.

‘అట్ల కాదవ్వా. ఈడ ఆగల్ల. మా అమ్మ ఈడ ఆగుతుంది.’

నాకు చివుక్కుమంది, దాచను. ఇన్నాళ్ళూ నా కథే కావాలన్న వాడు, ఇప్పుడు నన్నే సరిదిద్దుతున్నాడు. ‘ఎందుకప్పా ఆగుతుంది మీ అమ్మ?’ అన్నాను.

‘నేను చెప్పల్ల కదా, అందుకని.’

‘మరి చెప్పినావా?’

వాడు అరచెయ్యి గంప బొమ్మ మీదికి జరిపాడు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చాడు.

‘లేదు. ఇంటికి పోయినాంక చెప్తా. అమ్మకే చెప్తా.’

చాందినీ, నీ రాత్రి షిఫ్టు సంగతి నాకు తెలియదు. మీ ఆఫీసరుకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో. పది రోజులు అన్నావు కదా, అంతవరకు నేను ఉంచుకోను. ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా.

మీ అత్త
అక్కమ్మ